కొండవ్వ లైను

సిద్దిపేట కోర్టులో తాగునీళ్ళ కుండ ఎక్కడుంటుందో, బంట్రోతు ఏ వేళకు చాయ్ తాగడానికి జారుకుంటాడో, ఏ కిటికీ పక్కన గాలి తగులుతుందో కొండవ్వకు తెలిసినంతగా అక్కడి వకీళ్ళకు కూడా తెలియదు. తెలియక చస్తుందా మరి! టాకీసు దగ్గర సినిమా టికెట్లు బ్లాకులో అమ్మడం, జవాన్లకు దొరకడం, కోర్టులో తప్పొప్పుకుని జుర్మానా కట్టడం, మొదటి ఆట వేళకల్లా మళ్ళీ టాకీసు గేటు ముందు ప్రత్యక్షం కావడం. ఏళ్ళ తరబడి ఇదే ఆమె రివాజు. జుర్మానాను ఆమె శిక్ష అనుకోనే లేదు. దుకాణం పెట్టుకున్నవాడు కిరాయి కడతాడు, తాను జుర్మానా కడుతుంది, అంతే అనుకునేది.

ఆ వ్యాపారంలో ఆమెకు పెట్టుబడి చెప్పులు. టాకీసులో ఆడవాళ్ళ కిటికీ వేరు. మగవాళ్ళ లైనులో చొక్కాలు చిరుగుతుంటే ఆడవాళ్ళ లైను నింపాదిగా నడిచేది. కొత్త సినిమా వచ్చిన రోజు పొద్దున్నే కొండవ్వ ఆ కిటికీ ముందు పాత చెప్పుల జతలు బారుగా పేర్చేది. చెప్పులుంటే మనిషి ఉన్నట్టే అనే మర్యాద అప్పట్లో ఊరంతా పాటించేది. కిరోసిన్ దగ్గరా అంతే, కంట్రోలు బియ్యం దగ్గరా అంతే. ఎండలో నిలబడలేనివాళ్ళు చెప్పులు వదిలేసి నీడకు పోయేవారు, వాటిని ఎవరూ కదిలించేవారు కాదు. కిటికీ తెరిచేసరికి కొండవ్వ చెప్పుల్లో చుట్టుపక్కల ఆడవాళ్ళ కాళ్ళు దూరేవి. వాళ్ళు తెచ్చిన టికెట్లన్నీ పోచయ్య చేతికి చేరేవి. పోచయ్య ఆమెకు బంధువేమీ కాదు. అక్కా అని పిలుస్తూ పక్కన చేరి, అమ్మకం తన మీద వేసుకున్న మనిషి.

ఎనభై ఎనిమిదిలో ఆ కోర్టుకు ప్రమీలాదేవి అనే కొత్త మెజిస్ట్రేటు వచ్చింది. కొండవ్వ అలవాటు ప్రకారం బోనెక్కి, అడగకముందే తప్పొప్పుకుని, కొంగు ముడి విప్పబోయింది.

"ఆగమ్మా," అంది ప్రమీలాదేవి. "నీ పాత కేసులన్నీ పెడితే నా బల్ల మీద చోటు చాలడం లేదు. ఇన్నిసార్లు కట్టినదానివి ఇంకోసారి కట్టిపోతావు. దాంతో ఎవరికేం బుద్ధొచ్చినట్టు?"

సర్కారు వకీలు లేచి, ఇలా అలవాటు పడ్డవాళ్ళకు జైలే మందన్నాడు. కొండవ్వ కొంగు ముడి వదిలేసి బోను కమ్మీ పట్టుకుంది. ఆమె కూతురు మల్లమ్మ మొదటి కాన్పుకు తల్లింటికి వచ్చి ఉంది. అల్లుడు భీమండిలో మగ్గాల మీద పనిచేస్తాడు, కబురంది వచ్చేసరికే రోజులు పడతాయి. కొండవ్వ మొగుడు పోయి చాలాకాలమైంది. తాను పట్నం జైలుకు పోతే ఆ పిల్ల నొప్పులు పడే వేళ పక్కన ఒక్క మనిషి ఉండదు.

"అమ్మా, నీ కాళ్ళు మొక్కుత," అంది కొండవ్వ. ఆ బోనులో ఆమె ఒకరిని బతిమాలడం అదే మొదలు. "బిడ్డ నీళ్ళాడే దినాలు దగ్గరవడ్డయి. ఇంట్ల నేను తప్ప ఎవ్వలు లేరు. ఇంకేదన్న శిక్ష ఎయ్యుండ్రి, ఏదైనా జేస్త."

ప్రమీలాదేవి కలం పక్కన పెట్టింది.

"లైను చెడగొట్టడంలో నిన్ను మించినవాళ్ళు లేరంటున్నారు కదా. అయితే ఆరు నెలలు లైను నిలబెట్టు. రోజూ పొద్దున సర్కారు దవాఖానలో రోగుల వరుస నువ్వు చూడాలి. మంచి నడవడికకు పూచీగా ముచ్చిలిక రాసివ్వు. జాగా ఇప్పిస్తానని ఎవరి దగ్గరైనా ఏమైనా తీసుకున్నావని తేలిందో, ఇక మాటల్లేవు. జైలే."

వకీళ్ళు వరండాలోకి వచ్చి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. పిల్లిని తెచ్చి పాలకు కాపలా పెట్టారన్నాడొకడు. వారం తిరక్కుండా దొరుకుతుందన్నాడు ఇంకొకడు. నిజం చెప్పాలంటే కొండవ్వకు కూడా లోపల నవ్వే వచ్చింది. లైను చూసుడు కూడా ఒక శిక్షేనా అనుకుంది.

మర్నాడు దవాఖాన ముందు ఆ నవ్వు ఆగిపోయింది. అక్కడ లైను అనేది ఉంటే కదా చూడడానికి! రోగులకు చిట్టీలు రాసిచ్చే కిటికీ మీద జనం తేనెపట్టులా వేలాడుతున్నారు. మోచేతుల్లో బలమున్నవాడు ముందుకు, జ్వరంతో కాళ్ళు వణికేవాడు వెనక్కు. నంగునూరు నుంచి మొదటి బస్సుకు వచ్చిన దుర్గవ్వ అనే ముసలమ్మ, దమ్ము రోగంతో ఎగపోసుకుంటూ, కిటికీకి దగ్గరైన ప్రతిసారీ ఎవరో ఒకరి భుజం తగిలి గోడ దాకా వచ్చి పడుతోంది. ఒక పక్కన మాత్రం చెప్పుల జతలు బారుగా ఉన్నాయి. కొండవ్వ వాటిని చూడగానే గుర్తుపట్టింది. అవి టాకీసు చెప్పులు, ఆమె సొంత చెప్పులు.

వేపచెట్టు చాటు నుంచి పోచయ్య పళ్ళికిలిస్తూ వచ్చాడు.

"అక్కా, దేవుడున్నడే! మెజిస్ట్రేటమ్మ నిన్ను లోపట వెట్టింది, నేను బయట ఉన్న. సినిమా అయితె వారానికొక్కటి మారుతది. రోగాలకు గట్ల లేదు, దినాం హౌస్‌ఫుల్లే."

కొండవ్వకు ఆశ పుట్టలేదని చెబితే అబద్ధమవుతుంది. చేతికి అలవాటైన పని, వెతుక్కుంటూ కాళ్ళ దగ్గరికే వచ్చింది. ఆ రోజంతా ఆమె చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. పోచయ్య చెప్పుల్లోకి దిట్టంగా ఉన్నవాళ్ళు వచ్చి నిలబడ్డారు, లోపలికి పోయారు. మధ్యాహ్నం డాక్టరు లేచాడు, చిట్టీల కిటికీ మూసేశారు. దుర్గవ్వ ఖాళీ మందు సీసా చేత్తో పట్టుకుని గోడకు చేరగిలబడే ఉంది.

"రేపు మల్ల రావాల్నా బిడ్డా?" అని అడిగింది ముసలమ్మ.

ఆ మాట కొండవ్వకు సూదిలా దిగింది. టాకీసు దగ్గర టికెట్ దొరకనివాడు తిట్టుకుంటూ రెండో ఆటకు పోతాడు. ఈ ముసలమ్మకు రెండో ఆట ఎక్కడుంది? ఆమెకు నిజంగా సిగ్గేసింది. కోర్టులో అన్నిసార్లు తలొంచుకుని నిలబడినా కలగని సిగ్గు అది. దుర్గవ్వను బస్సెక్కించి వస్తూ దారి పొడవునా తనను తానే తిట్టుకుంది.

మర్నాడు తెల్లవారేసరికి కొండవ్వ దవాఖాన గేటు దగ్గర నడుముకు కొంగు చెక్కి నిలబడింది. రోగుల్ని నిలబడమనడం కుదరదు, నిలబడే బలముంటే వాళ్ళు దవాఖానకు ఎందుకొస్తారు? చెప్పుల మర్యాద ఉండాల్సిందే. కానీ ఆ మర్యాదలోని మోసం ఎలా ఉంటుందో ఆమె కంటే ఎవరికి తెలుసు?

"అందరు ఇనుండ్రి!" అని గొంతెత్తింది. టాకీసు గోల మీద నుంచి వినిపించేందుకు సానబట్టిన గొంతు అది. "ఒక్క చెప్పే లైన్ల వెట్టాలె. రెండోది కాలుకే ఉండాలె. చెప్పులు లేనోళ్ళు సీసా వెట్టుండ్రి, బిరడా చేతుల వట్టుకోండ్రి. పోయి నీడల కూసోండ్రి. నేను పిలుస్త. జోడు కలిస్తెనే లోపటికి."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. కాసేపటికి ఒంటి చెప్పులూ, మూతల్లేని సీసాలూ కిటికీ నుంచి గేటు దాకా బారు తీరాయి. మనుషులు ఒక కాలికి చెప్పుతో కుంటుకుంటూ పోయి వేపచెట్టు కింద కూర్చున్నారు. పోచయ్య సంచీలోంచి తన సరుకు తీసి పేర్చబోయాడు.

"ఏమిరా పోచిగా, నీకెన్ని కాళ్ళురా?" అని అడిగింది కొండవ్వ.

చెట్టు కింద నవ్వులు పేలాయి. దగ్గు తెరలో ఉన్నవాళ్ళు కూడా దగ్గుతూనే నవ్వారు. పోచయ్య మొహం మాడ్చుకుని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు దుర్గవ్వ సీసా నిండా మందు పోయించుకుని, బిరడా బిగించుకుని, ఎండ ముదరకముందే బస్సెక్కింది.

వారాలు గడిచాయి. వకీళ్ళ జోస్యం అబద్ధమైంది. తోపులాట లేకపోవడంతో డాక్టరుకు రోగుల మాట వినబడసాగింది. మధ్యాహ్నానికి చిట్టీ అందక మిగిలిపోయేవాళ్ళు ఉండేవారు కాదు. బస్టాండులో దిగి దవాఖానకు దారి అడిగేవాళ్ళు, "కొండవ్వ లైను యాడ?" అని అడగడం మొదలుపెట్టారు. కొండవ్వ ఆ మాట విన్నప్పుడల్లా వినబడనట్టు మొహం పెట్టేది. లోపల మాత్రం పొంగిపోయేది. ఇన్నేళ్ళుగా బ్లాకు కొండవ్వ అనడమే తప్ప, తన పేరును ఊళ్ళో ఎవరూ ఒక మంచి పనికి తగిలించలేదు మరి.

అలాంటి ఒక పొద్దున మల్లమ్మ నిండు కడుపుతో డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చింది. తల్లి అక్కడే ఉంది కదా అని నేరుగా డాక్టరు గది వైపు నడిచింది.

"బిడ్డా, చెప్పు," అంది కొండవ్వ.

"ఏం జెప్పాలె?"

"కాలు చెప్పు. ఒకటి లైన్ల వెట్టి చెట్టు కింద కూసో."

మల్లమ్మ తల్లిని కొరకొరా చూసింది. "నేను నీ బిడ్డనే అవ్వా!"

"ఇక్కడున్నోళ్ళంత ఎవలకో ఒకలకు బిడ్డలే. నొప్పులొస్తె చెప్పు, ఎత్తుకపోత. గంత దాంక కూసో."

మల్లమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక చెప్పు విసిరినట్టు లైనులో పడేసి, చెట్టు కింద, మందు కోసం మళ్ళీ వచ్చిన దుర్గవ్వ పక్కన కూలబడింది. కొండవ్వ అటు చూడలేకపోయింది. తరువాతి చెప్పు ఎవరిదని కేకేసింది.

సరిగ్గా అప్పుడే జగదీశ్వర్ స్కూటర్ ఆగింది. బట్టల దుకాణం జగదీశ్వర్ అంటే బజారంతా లేచి నిలబడుతుంది. తెల్లని బట్టలు, కొత్త తోలు చెప్పులు, చేతిలో ఒక కాయితం. ఎవరి వైపూ చూడకుండా డాక్టరు గదికేసి నడిచాడు. కొండవ్వ అడ్డం నిలబడింది.

"ఏమే కొండవ్వా, గుర్తు వట్టలేదా? నీ చేతి టికెట్‌తోని ఎన్ని సినిమాలు జూసిన్నే!"

"గుర్తు వట్టిన సేటూ. పానం బాగలేదా మీకు?"

"నాకేమయ్యింది? బామ్మర్ది కొలువుకు సర్టిఫికెట్ మీద సంతకం. ఒక్క నిమిషం పని."

"బామ్మర్ది ఏడి మరి?"

"వానికేం రోగం? ఇంట్ల పండుకున్నడు."

చెట్టు కింద ఎవరో కిసుక్కుమన్నారు. జగదీశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి. కొండవ్వకు ఆ ఎరుపు తెలుసు. ఈ మనిషి తలుచుకుంటే తన మీద ఫిర్యాదు చెయ్యగలడు, ఆ ఫిర్యాదుకు సాక్ష్యం పుట్టించగలడు. పక్కకు జరిగితే చాలు, నిమిషంలో పోతాడు. ఆమెకు భయం వేసింది. కానీ చెట్టు కింద ఒంటి చెప్పుతో, నడుం మీద చెయ్యి వేసుకుని కన్నబిడ్డ కూర్చుని ఉంది. దాన్ని కూర్చోబెట్టి ఈయన్ని పంపితే, ఇక తాను తల్లేమిటి, ఈ లైను లైనేమిటి?

"ఒక చెప్పు ఈడ ఇడ్సుండ్రి సేటూ," అంది మెల్లగా. "రోగాలున్నోళ్ళు అయినంక పిలుస్త."

"నేను? చెప్పిడ్సాల్నా?"

"అందరు ఇడ్సిన్రు. నా బిడ్డ గూడ ఇడ్సింది."

జగదీశ్వర్ కాయితం మడిచి జేబులో పెట్టుకుని స్కూటర్ తన్నాడు. "నువ్వు జైలుకే పోతవు సూడు," అన్నాడు పోతూ పోతూ.

అన్నంత పనీ చేశాడు. కొండవ్వ జాగాలు అమ్ముకుంటోందని, పెద్దమనిషినని చూడకుండా పదిమందిలో చెప్పులిప్పమందని కోర్టుకు అర్జీ పెట్టాడు. జాగాలు అమ్మడం తాను కళ్ళారా చూశానని చెప్పడానికి పోచయ్య సిద్ధమయ్యాడు. జవాను వచ్చి మర్నాడు కోర్టులో హాజరు కావాలని చెప్పిపోయాడు. కొండవ్వ పొయ్యి ఎగదోస్తూ, "నాదే తప్పేమో బిడ్డా. ఆయినను పోనిస్తె అయిపోవు," అంది.

"నన్ను కూసోబెట్టి ఆయినను పంపుంటే జన్మల నీతోని మాట్లాడకపోయేదాన్ని," అంది మల్లమ్మ. అని తల్లి భుజం మీద తల వాల్చి ఏడ్చింది.

కోర్టు నిండింది. పిల్లి పాలు తాగిందట అని వకీళ్ళు కూడా చూడడానికి వచ్చారు. జగదీశ్వర్ ముందు బెంచీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. పోచయ్య, "అవునమ్మా, జాగలు అమ్ముతది, నేను జూసిన," అని అప్పజెప్పినట్టు చెప్పాడు గానీ, ఎవరికమ్మింది అంటే జగదీశ్వర్ వైపు చూశాడు.

"నీ తరఫున సాక్షులున్నారా?" అని అడిగింది ప్రమీలాదేవి.

"లేరమ్మా," అంది కొండవ్వ. "అందరు రోగాలోళ్ళు. నా కోసమని వాళ్ళను కోర్టు సుట్టు యాడ తిప్పుదు?"

ఆమె మాట పూర్తి కాకుండానే బయట పెద్ద గోల వినబడింది. దవాఖానలో ఆ పొద్దున లైను లేదు. మోచేతులవాళ్ళు మళ్ళీ కిటికీ మీద పడ్డారు. కొండవ్వ ఏదని అడిగితే, కోర్టులో బోనెక్కిందని ఎవరో చెప్పారు. కోర్టు దవాఖానకు ఎంతో దూరం కాదు. దుర్గవ్వ ముందు లేచింది. ఆమె వెనక చెట్టు కింద ఉన్నవాళ్ళందరూ లేచారు. చంటిపిల్లల తల్లులు, కట్లు కట్టించుకున్నవాళ్ళు, కర్రలూతగా నడిచేవాళ్ళు, నిండు కడుపుతో కోర్టు బయట కాచుకుని ఉన్న మల్లమ్మ, అందరూ ఒక్కసారే కోర్టు గదిలోకి తోసుకొచ్చారు.

"నేను జెప్త!" "ముందు నన్ను జెప్పనియ్యుండ్రి!" "అబద్ధమమ్మా, అంత అబద్ధం!" పిల్లలు ఏడుపందుకున్నారు. బంట్రోతు చేతులు చాచి అడ్డుపడబోయి ఆ తోపుడులో గిర్రున తిరిగి గోడకు ఆనుకున్నాడు. ప్రమీలాదేవి బల్ల మీద కొట్టింది. ఎవరికీ వినబడలేదు. ఆ తొక్కిడిలో దుర్గవ్వ తూలి పడబోయింది.

కొండవ్వ అది చూసింది. తాను ముద్దాయినన్న సంగతే మరిచిపోయి బోను దిగి వచ్చేసింది.

"ఏయ్, ఆగుండ్రి! కోర్టనుకున్నరా, సంత అనుకున్నరా? ముసలోళ్ళు ముంగటికి. సంకల పిల్లలున్నోళ్ళు గోడపొంటి రాండ్రి. గొంతు జోరుగున్నోళ్ళంత ఎన్కకు నడువుండ్రి, మీకేం తొందర? మల్లమ్మా, నువ్వా కట్టె వట్టుకున్న తాత ఎన్క నిలవడు. అవ్వా దుర్గవ్వా, నువ్వు కూసో, నీ జాగ యాడికి పోదు."

గోల కోసేసినట్టు ఆగింది. ఒకరి వెనక ఒకరు, బల్ల ముందు నుంచి వరండా మీదుగా ఆవరణలోకి, లైను తీగ లాగినట్టు సాగింది. సరిగ్గా అప్పుడు జగదీశ్వర్ బెంచీ మీంచి లేచి, వేలు చూపిస్తూ బల్ల దగ్గరికి దూసుకొచ్చాడు.

"చూసిన్రా అమ్మా, ఇది ఎంత..."

"సేటూ, లైన్ల," అంది కొండవ్వ అటు చూడకుండానే.

జగదీశ్వర్ ఆగాడు. వెనక్కి తిరిగాడు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒక తల్లి వెనక పోయి బుద్ధిగా నిలబడ్డాడు. ఏం చేశాడో ఆయనకు తెలిసేసరికి కోర్టంతా విరగబడి నవ్వుతోంది. సర్కారు వకీలు కాయితాల వెనక మొహం దాచుకున్నాడు. ప్రమీలాదేవి నవ్వాపుకోవడానికి నీళ్ళ గ్లాసు ఎత్తుకోవాల్సి వచ్చింది.

తరువాత ఒక్కొక్కరు వచ్చారు. "కన్నబిడ్డనే నా పక్కన లైన్ల కూసోబెట్టింది తల్లీ. గసుంటిది జాగలమ్ముతదా?" అంది దుర్గవ్వ ఎగపోతల మధ్య. తన వంతు వచ్చినప్పుడు మల్లమ్మ, "ఆమె మా అవ్వ," అని మాత్రం అంది. లైను చివర పోచయ్య కూడా ఉన్నాడు. ఎప్పుడు చేరాడో ఎవరూ చూడలేదు. వంతు వచ్చేదాకా నిలబడి, తల గోక్కుంటూ, "అబద్ధమాడిన అమ్మా. సేటు జెప్పుమంటె జెప్పిన," అన్నాడు.

ప్రమీలాదేవి అర్జీ కొట్టేసింది. అబద్ధపు ఫిర్యాదుకు ఏం జరుగుతుందో జగదీశ్వర్‌ను నిలబెట్టి వినిపించింది. తరువాత కొండవ్వ వైపు తిరిగింది.

"నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేని శిక్ష వేశానని నన్ను ఆడిపోసుకున్నవాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు. ఈ పొద్దు వాళ్ళు కూడా నీ లైనును చూశారు. షరతు తప్పలేదని రాస్తున్నాను. ఇంకేమైనా చెప్పుకుంటావా?"

కొండవ్వ మళ్ళీ బోనెక్కి బుద్ధిగా నిలబడి ఉంది. గెలిచానన్న సంతోషం ఆమె మొహం నిండా ఉంది, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఒక్కటే అమ్మా. డాక్టర్ సాబు పగటి బువ్వ యాళ్ళకు లేస్తడు. గీళ్ళెవ్వలు ఇంక సూపెట్టుకోలె. నన్ను జర జల్ది ఇడువుండ్రి."

ప్రమీలాదేవి నవ్వుతూ పొమ్మని చెయ్యి ఊపింది.

కోర్టు మెట్లు దిగి, బజారు మీదుగా, కొండవ్వ ముందు నడవగా లైను చెదరకుండా దవాఖానకు సాగింది. దుకాణాలవాళ్ళు త్రాసులు వదిలి అరుగుల మీదికి వచ్చి చూశారు. సైకిళ్ళవాళ్ళు దిగి దారిచ్చారు. ఎక్కడిదీ జాతర అని ఒకాయన అడిగితే, "జాతర గాదు, కొండవ్వ లైను," అని వెనక నుంచి ఎవరో గర్వంగా జవాబిచ్చారు. దవాఖాన గేటు దగ్గర కొండవ్వ పక్కకు జరిగి నిలబడి, దుర్గవ్వ చెయ్యి పట్టుకుని ముందుగా లోపలికి పంపింది.